ఈమెయిల్ బట్వాడా సేవ వేగాన్నీ విశ్వసనీయతనూ అంచనా వేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఓటీపీలు, రసీదులు, హాల్‌టికెట్లు, ఫీజు గడువు నోటీసులు వంటివి తమ వినియోగదారులకు మెయిల్ ద్వారా పంపే చిన్న సంస్థల కోసం ఈ ప్రశ్నలకు జవాబులు సిద్ధం చేశాం. మీ తరఫున మెయిళ్లను పంపిపెట్టే బట్వాడా సేవను కొనే ముందు దాన్ని ఎలా పరీక్షించాలి, ఇప్పటికే వాడుతున్న సేవ సరిగా పనిచేస్తున్నదో లేదో ఎలా తెలుసుకోవాలి అన్నవే ఇందులోని విషయాలు. ప్రచార మెయిళ్లను అవసరమైన చోట మాత్రమే ప్రస్తావించాం.

డాష్‌బోర్డులో ‘డెలివర్డ్’ అని కనిపిస్తే మెయిల్ చేరినట్లేనా?

కాదు. ఈ ఒక్క మాటను సరిగా అర్థం చేసుకోకపోవడం వల్లనే చాలా సంస్థలు తప్పుడు సేవను ఎంచుకుంటున్నాయని మా అభిప్రాయం. మెయిల్ సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఎస్‌ఎమ్‌టీపీ అనే పద్ధతికి 1982లో తొలి ప్రమాణం వెలువడింది. ఆ పద్ధతి ప్రకారం, అందుకునే సర్వర్ ‘250’ అనే సంఖ్యతో జవాబిస్తే, ఆ మెయిల్ బాధ్యతను తాను స్వీకరించినట్లు లెక్క. పంపే సేవ దానినే ‘డెలివర్డ్’ అని నమోదు చేసుకుంటుంది. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ చేతికి ఉత్తరం ఇచ్చి సంతకం తీసుకున్న పోస్ట్‌మ్యాన్ దృష్టిలో బట్వాడా పూర్తయినట్లే, కానీ ఆ ఉత్తరం పై అంతస్తులోని మనిషికి అందిందా, గేటు దగ్గరి బల్ల మీదనే ఉండిపోయిందా అన్నది అతనికి తెలియదు. మెయిల్ విషయంలోనూ 250 వచ్చిన తరువాత అది ఇన్‌బాక్సుకు వెళ్లవచ్చు, స్పామ్‌లో పడవచ్చు, కంపెనీ ఫిల్టరు దాన్ని నిర్వాహకుడి పరిశీలన కోసం ఆపి ఉంచవచ్చు. ఈ మూడింటిలో ఏది జరిగిందో పంపే సేవకు సాధారణంగా తెలియదు. అందువల్ల అందుకునే చోట మీరు స్వయంగా చూడనంత వరకు ఆ లెక్కను సగం సమాచారంగానే పరిగణించండి.

వేగాన్ని ఎక్కడి నుంచి ఎక్కడి వరకు కొలవాలి?

వినియోగదారు ‘ఓటీపీ పంపు’ అన్న బటన్ నొక్కిన క్షణం నుంచి ఆ మెయిల్ అతని పెట్టెలో కనిపించే క్షణం వరకు కొలవాలి. ఈ మధ్యకాలంలో మీ అప్లికేషన్ ఆ మెయిల్‌ను తయారు చేసి సేవకు అప్పగించడం, సేవ దాన్ని తన క్యూలో (పంపవలసిన మెయిళ్ల వరుసలో) ఉంచుకోవడం, అందుకునే సర్వర్‌తో సంబంధం కలుపుకొని అప్పగించడం, ఆ సర్వర్ వడపోసి పెట్టెలో వేయడం అనే దశలు ఉంటాయి. సేవాసంస్థలు తమ ప్రకటనల్లో చెప్పే వేగం చాలాసార్లు మొదటి దశకు, అంటే మెయిల్‌ను స్వీకరించడానికి పట్టే మిల్లీసెకన్లకు మాత్రమే సంబంధించినది. అసలైన ఆలస్యం సాధారణంగా క్యూలోనూ, అందుకునే సర్వర్ వద్దనూ జరుగుతుంది.

సగటు సమయం తెలిస్తే చాలదా?

చాలదు. వంద ఓటీపీలు పంపారనుకుందాం. వాటిలో 98 మెయిళ్లు 3 సెకన్లలోనూ, మిగిలిన రెండు 20 నిమిషాలకూ చేరితే సగటు సుమారు 27 సెకన్లు వస్తుంది. నిజానికి 27 సెకన్లు వేచి ఉన్నవారు ఆ వందమందిలో ఒక్కరు కూడా లేరు. మధ్యగతం (సమయాలను వరుసగా పేర్చితే మధ్యన వచ్చేది) చూస్తే 3 సెకన్లే, 95వ పర్సంటైల్ చూసినా 3 సెకన్లే కనిపిస్తుంది. 99వ పర్సంటైల్ దగ్గరకు వచ్చాక గాని 20 నిమిషాల సంగతి బయటపడదు. పోటీ పరీక్షల ఫలితాల్లో పర్సంటైల్‌ను చదవడం మన ఇళ్లలో అందరికీ అలవాటే కాబట్టి, ఇక్కడ కూడా అదే దృష్టితో తోక భాగాన్ని, అంటే అన్నిటికంటే ఆలస్యంగా చేరిన కొద్ది మెయిళ్లను, చూడమని కోరుతున్నాం. ఓటీపీ గడువు 10 నిమిషాలైతే, 10 నిమిషాల తరువాత చేరిన మెయిల్‌ను ఆలస్యంగా చేరినదిగా కాక, చేరనిదిగానే లెక్కించాలి. నెలవారీ రసీదు విషయంలో అదే ఆలస్యాన్ని ఎవరూ గమనించరు. కనుక ఏ రకం మెయిల్‌కు ఎంత ఆలస్యం సహించగలరో పరీక్షకు ముందే కాగితం మీద రాసుకోండి. ఫలితాలు చూశాక గడువు నిర్ణయించుకుంటే, నచ్చిన సేవ నెగ్గేలా గడువును సవరించుకునే ప్రమాదం ఉంది.

పరీక్ష కోసం ఎన్ని మెయిళ్లు పంపాలి?

మీరు ఎంత చిన్న లోపాన్ని పట్టుకోదలచారో దాన్ని బట్టి ఉంటుంది. సంఖ్యాశాస్త్రంలో ‘మూడు సూత్రం’ అని ఒక సులభమైన లెక్క ఉంది. ఎన్ని ప్రయత్నాలు చేసినా ఒక్క వైఫల్యం కూడా కనిపించకపోతే, అసలు వైఫల్యాల రేటు మూడును ఆ ప్రయత్నాల సంఖ్యతో భాగించినంత కంటే తక్కువ అని 95 శాతం నమ్మకంతో చెప్పవచ్చు. ఆ లెక్కన 300 మెయిళ్లు పంపి అన్నీ చేరినా, వైఫల్యం ఒక శాతం లోపు ఉందని మాత్రమే చెప్పగలం. వెయ్యికి ఒకటి లోపు అని చెప్పాలంటే 3,000 మెయిళ్లు పంపాలి. పది మెయిళ్లు స్నేహితులకు పంపి, అందరికీ వెంటనే వచ్చాయి కాబట్టి సేవ బాగుందని తేల్చడం వల్ల తెలిసేది చాలా తక్కువ.

పరీక్షను ఎలా నిర్వహించాలి?

ముందుగా మీ వినియోగదారుల జాబితాలో ఏయే డొమైన్లు (చిరునామాలో @ తరువాతి భాగాలు) ఎంత శాతం ఉన్నాయో లెక్క తీసి, పరీక్ష ఖాతాలను అదే నిష్పత్తిలో తెరవండి. తెలుగు రాష్ట్రాల్లోని వినియోగదారుల్లో జీమెయిల్ వాడేవారు ఎక్కువగా కనిపిస్తారు గాని, యాహూ, అవుట్‌లుక్, రెడిఫ్‌మెయిల్, జోహో ఖాతాలూ, ప్రభుత్వోద్యోగుల అధికారిక చిరునామాలూ ఉంటాయి. విదేశాల్లోని తెలుగువారికి పంపుతున్నట్లయితే విశ్వవిద్యాలయాల, కంపెనీల చిరునామాలను తప్పనిసరిగా చేర్చాలి. ఎందుకంటే కఠినమైన ఫిల్టర్లు ఉండేది అక్కడే.

ప్రతి మెయిల్‌లోనూ ఒక ప్రత్యేక సంఖ్యనూ పంపిన సమయాన్నీ పెట్టి, అందుకునే పెట్టెను ఒక ప్రోగ్రాముతో గమనించండి. ఆ ప్రోగ్రాము నిమిషానికి ఒకసారి మాత్రమే పెట్టె తెరిచి చూస్తే మీ కొలతలో నిమిషం వరకు దోషం చేరుతుంది. మెయిల్ పెట్టెను చదివే ఐమాప్ పద్ధతిలోని ‘ఐడిల్’ ఆదేశం వాడితే మెయిల్ రాగానే సర్వరే తెలియజేస్తుంది కాబట్టి ఆ ఇబ్బంది ఉండదు. స్పామ్ పెట్టెను కూడా చూడండి, అక్కడ దొరికినదాన్ని వేరుగా నమోదు చేయండి.

గడియారాల విషయంలో చాలామంది అశ్రద్ధ చూపుతారు. పంపే యంత్రమూ అందుకునే యంత్రమూ రెండు సెకన్ల తేడాతో నడుస్తుంటే, మూడు సెకన్ల బట్వాడాను కొలవడం అర్థరహితం అవుతుంది. రెండింటినీ, గడియారాలను నెట్ ద్వారా సరిచేసే ఎన్‌టీపీ పద్ధతిలో ఒకే కాలానికి సరిచేయండి. భారతదేశంలోని సంస్థలు ఎన్ఐసీ (జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం) లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల సర్వర్లతో, లేదా వాటికి అనుసంధానమైన వాటితో గడియారాలు సరిచేసుకోవాలనీ, లాగ్‌లను (సర్వర్ల పని నమోదులను) 180 రోజులు భద్రపరచాలనీ కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది కూడా.

కనీసం రెండు వారాలు, రోజులోని అన్ని వేళల్లోనూ పరీక్ష సాగాలి. ఒకటో తారీఖు తప్పక అందులో ఉండేలా చూసుకోండి. చాలా సంస్థలు తమ పెద్ద జాబితాలకు సరిగ్గా గంట కొట్టే సమయానికి పంపేలా ఏర్పాటు చేసుకుంటాయి కాబట్టి, 10 గంటలకూ 10 గంటల 7 నిమిషాలకూ మధ్య క్యూలో ఎంత తేడా వస్తున్నదో గమనించడం కూడా ఉపయోగకరం.

ఆలస్యం ఎవరి వల్ల జరిగిందో ఎలా తెలుస్తుంది?

ప్రతి మెయిల్ వెనుక ‘రిసీవ్డ్’ అనే వరుసలు ఉంటాయి. జీమెయిల్‌లో ‘షో ఒరిజినల్’ నొక్కితే అవి కనిపిస్తాయి. మెయిల్ ఏ సర్వర్ చేతికి వస్తే ఆ సర్వర్ తన ముద్రను పైన వేస్తుంది కాబట్టి, ప్రయాణక్రమం తెలియాలంటే వాటిని కింది నుంచి పైకి చదవాలి. పక్కపక్క వరుసల సమయాల మధ్య తేడాయే ఆ మజిలీలో పట్టిన కాలం. ఒక వరుసలో 10:00:05 +0530 అనీ, పై వరుసలో 21:30:09 -0700 అనీ, అదీ ముందు రోజు తేదీతో ఉంటే కంగారుపడనక్కరలేదు. రెండింటి మధ్య ఉన్నది 4 సెకన్లే. ఒకటి భారత కాలం, మరొకటి అమెరికా పశ్చిమ తీరపు కాలం.

పెద్ద తేడా సేవాసంస్థకు చెందిన రెండు సర్వర్ల మధ్య కనిపిస్తే ఆలస్యం వారిదే. వారి చివరి సర్వర్‌కూ అందుకునే సర్వర్‌కూ మధ్య కనిపిస్తే మాత్రం తొందరపడి ఎవరినీ నిందించకూడదు. అందుకునే సర్వర్ ‘తరువాత రండి’ అని తిప్పి పంపి ఉండవచ్చు, లేదా సేవ మరల ప్రయత్నించడంలో జాప్యం చేసి ఉండవచ్చు. అది తేలాలంటే సేవాసంస్థ లాగ్‌లోని ప్రతి ప్రయత్నం వివరమూ కావాలి. ఆ వివరాన్ని వినియోగదారుకు చూపించని సేవను మేము సిఫారసు చేయం.

‘తరువాత రండి’ అని సర్వర్లు ఎందుకు అంటాయి?

నాలుగుతో మొదలయ్యే జవాబులు తాత్కాలిక నిరాకరణలు, ఐదుతో మొదలయ్యేవి శాశ్వత నిరాకరణలు. తాత్కాలిక నిరాకరణకు పెట్టె నిండిపోవడం, సర్వర్ మీద ఒత్తిడి, మీరు పంపే వేగం పరిమితిని దాటడం వంటి కారణాలు ఉండవచ్చు. 2003లో ప్రతిపాదించిన గ్రేలిస్టింగ్ అనే పద్ధతి కూడా ఇందులో ఒకటి. కొత్త పంపకందారును సర్వర్ మొదటిసారి కావాలనే తిప్పి పంపుతుంది. స్పామ్ పంపేవారిలో చాలామంది మళ్లీ రారనీ, నిజమైన సర్వర్ మళ్లీ వస్తుందనీ దాని ఉద్దేశం.

ఇక్కడే సేవల మధ్య అసలు తేడా బయటపడుతుంది. ఎస్‌ఎమ్‌టీపీ ప్రమాణం రెండు ప్రయత్నాల మధ్య సాధారణంగా కనీసం 30 నిమిషాలు ఆగమనీ, నాలుగైదు రోజుల వరకు ప్రయత్నం మానవద్దనీ సూచిస్తుంది. ఉత్తరం లాంటి మెయిల్‌కు ఆ సూచన సరిపోతుంది గాని, 10 నిమిషాల ఓటీపీని ఆ పద్ధతిలో పంపితే ఉపయోగం ఉండదు. కాబట్టి మొదటి మూడు నాలుగు ప్రయత్నాలు ఎంతెంత వ్యవధిలో జరుగుతాయో, గడువు దాటిన ఓటీపీని క్యూ నుంచి తొలగించే వీలు ఉందో లేదో కొనే ముందే రాతపూర్వకంగా అడగండి.

బౌన్స్ అయిన చిరునామాల సంగతి ఏమిటి?

బౌన్స్ అంటే మెయిల్ చేరక తిరిగి రావడం. ‘550 5.1.1’ వంటి జవాబు వస్తే అటువంటి పెట్టె లేదని అర్థం. సేవలు అటువంటి చిరునామాను నిషేధ జాబితాలో చేర్చి, తరువాత మీరు పంపినా బయటకు పంపకుండా ఆపేస్తాయి. ఈ పద్ధతి మంచిదే. అమెజాన్ వారి బట్వాడా సేవ ఎస్ఈఎస్, బౌన్స్ రేటు 5 శాతం దాటిన ఖాతాను సమీక్షకు తీసుకుంటుంది, 10 శాతం దాటితే పంపడాన్నే నిలిపివేయవచ్చు. అయితే పెట్టె నిండిపోయినందువల్ల ఒకసారి బౌన్స్ అయిన నిజమైన వినియోగదారు కూడా ఆ జాబితాలో చిక్కుకుంటే, ఆయన ఎన్నిసార్లు పాస్‌వర్డ్ మార్పు కోరినా మెయిల్ రాదు, మీ వైపు ఎక్కడా లోపమూ కనిపించదు. మాకు తెలిసిన ఒక పెద్దాయన ఇలాగే వారం రోజులు తన ఖాతాలోకి వెళ్లలేక, చివరికి ఆఫీసుకు వచ్చి కూర్చున్నారు. ఒక పరీక్ష చిరునామాను కావాలనే బౌన్స్ చేయించి, దాన్ని జాబితా నుంచి మీరే తొలగించగలరా, అందుకు ఎంత సమయం పడుతుంది అన్నది చూడండి.

99.9 శాతం లభ్యత హామీ నమ్మదగినదేనా?

హామీలోని సంఖ్య కంటే అది దేనికి వర్తిస్తుందో ముఖ్యం. 30 రోజుల నెలలో 99.9 శాతం అంటే 43 నిమిషాలకు పైగా, 99.99 శాతం అంటే 4 నిమిషాలకు పైగా సేవ ఆగినా హామీ తప్పినట్లు కాదు. అంతకంటే ముఖ్యంగా, ఈ హామీలు సాధారణంగా మెయిల్‌ను స్వీకరించే ద్వారానికే వర్తిస్తాయి. ద్వారం తెరిచి ఉండి క్యూ గంటసేపు కదలకపోయినా లభ్యత 100 శాతంగానే నమోదు కావచ్చు. ఒప్పందంలో క్యూ ఆలస్యం గురించి ఏముందో వెతకండి. సేవ స్థితిని తెలిపే పేజీలో గత ఏడాది అంతరాయాలను ఎంత వివరంగా, ఎంత త్వరగా ప్రకటించారో కూడా చదవండి. తన లోపాన్ని వేళకు చెప్పే సంస్థను మేము ఎక్కువగా నమ్ముతాం.

మా వైపు నుంచి జరిగే పొరపాట్ల వల్ల మంచి సేవ కూడా చెడ్డగా కనిపిస్తుందా?

తప్పకుండా కనిపిస్తుంది. మీ డొమైన్ పేరుతో పంపే అధికారం ఏ సర్వర్లకు ఉందో ఎస్‌పీఎఫ్ చెబుతుంది, మెయిల్ దారిలో మారలేదని డీకేఐఎమ్ సంతకం రుజువు చేస్తుంది, ఈ రెండూ విఫలమైతే ఏం చేయాలో డీమార్క్ తెలియజేస్తుంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ పెద్ద మొత్తంలో పంపేవారికి ఈ మూడింటినీ తప్పనిసరి చేశాయి. జీమెయిల్ విషయంలో, వ్యక్తిగత ఖాతాలకు రోజుకు 5,000 మెయిళ్లు పంపేవారు ఆ కోవలోకి వస్తారు. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదనీ, 0.1 శాతం లోపు ఉంటే మంచిదనీ గూగుల్ చెబుతోంది. మైక్రోసాఫ్ట్ కూడా 2025 మే 5 నుంచి అవుట్‌లుక్, హాట్‌మెయిల్ ఖాతాలకు ఇటువంటి నియమాలే పెట్టింది. ఇవి సరిచేయకుండా రెండు సేవలను పోల్చితే, ఆ పోలికలో తేలేది మీ డొమైన్ పరిస్థితే గాని సేవల గుణం కాదు.

షేర్డ్ ఐపీ మంచిదా, ప్రత్యేక ఐపీ మంచిదా?

ఐపీ అంటే మెయిళ్లు పంపే సర్వర్ సంఖ్యా చిరునామా. షేర్డ్ ఐపీని పలువురు ఖాతాదారులు కలిసి వాడతారు, ప్రత్యేక ఐపీ మీ ఒక్కరిదే. రోజుకు కొన్ని వందల మెయిళ్లు పంపే సంస్థకు షేర్డ్ ఐపీయే మంచిది. ప్రత్యేక ఐపీకి మంచి పేరు రావాలంటే దాని నుంచి నిలకడగా మెయిళ్లు వెళ్లాలి, మొదట్లో కొన్ని వారాలపాటు మెల్లగా సంఖ్య పెంచుకుంటూ పోవాలి. షేర్డ్ ఐపీలో ఉన్న చిక్కు ఏమిటంటే, పక్క ఖాతాదారు చెడ్డ మెయిళ్లు పంపితే ఆ మచ్చ మీకూ అంటుతుంది. కాబట్టి కొత్త ఖాతాదారులను సేవాసంస్థ ఎలా పరిశీలిస్తుందో చూడండి. చేరేటప్పుడు మిమ్మల్ని నాలుగు ప్రశ్నలు అడిగి విసిగించిన సంస్థ ఈ విషయంలో నయం. ప్రచార మెయిళ్లు పంపుతున్నట్లయితే వాటికి వేరే సబ్‌డొమైన్ (మీ డొమైన్‌లోనే ఒక ఉపవిభాగం) వాడండి, ఓటీపీల పేరు చెడకుండా ఉంటుంది.

ఎంతమంది తెరిచి చూశారన్న లెక్కను ఆధారంగా తీసుకోవచ్చా?

తీసుకోకూడదు. 2021 సెప్టెంబరులో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో తెచ్చిన గోప్యతా ఏర్పాటు వల్ల, మనిషి తెరవకపోయినా తెరిచినట్లు నమోదవుతుంది.

తెలుగులో పంపే మెయిళ్లకు ప్రత్యేకంగా ఏమైనా పరీక్షించాలా?

పరీక్షించాలి. ఆంగ్లంలో మాత్రమే పరీక్షించి, ఆ తరువాత తెలుగు మెయిళ్లు పంపడం సరికాదు. అన్ని లిపులనూ కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతమూ 3 బైట్లు తీసుకుంటుంది, గుడి, కొమ్ము వంటి గుణింతపు గుర్తులను కూడా విడిగా లెక్కించాలి. విషయపంక్తిని (సబ్జెక్టును) పంపేటప్పుడు దాన్ని బేస్-64లోకి, అంటే ఆంగ్ల అక్షరాలు, అంకెలు, ఒకటి రెండు గుర్తులతో రాసే రూపంలోకి, మారుస్తారు, అప్పుడు ఒక్కో సంకేతం 4 అక్షరాలవుతుంది. ‘రసీదు’ అన్న చిన్న మాటలో 5 సంకేతాలు ఉన్నాయి కాబట్టి అది 20 అక్షరాలుగా ప్రయాణిస్తుంది. 1996 నాటి ప్రమాణం ప్రకారం ఇలా మార్చిన ఒక్కో ముక్క 75 అక్షరాలు మించకూడదు, అందులో గుర్తులు పోగా 15 తెలుగు సంకేతాలే పడతాయి. అంతకు మించితే ముక్కలుగా విడగొట్టాలి. ఒక సంకేతపు మూడు బైట్లను మధ్యలో విరిచే ప్రోగ్రాముతో పంపితే పేరు మధ్యలో ప్రశ్నార్థకపు గుర్తులు దర్శనమిస్తాయి. అందువల్ల మీ వినియోగదారుల్లో అత్యంత పొడవైన ఇంటిపేరు ఉన్నవారి పూర్తి పేరును విషయపంక్తిలో పెట్టి పరీక్షించండి.

మెయిల్ లోపలి పాఠానికి కూడా ఇది వర్తిస్తుంది. కోటెడ్-ప్రింటబుల్ అనే మరో మార్పిడి పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతం 9 అక్షరాలవుతుంది, బేస్-64లో 4 మాత్రమే. జీమెయిల్ సుమారు 102 కిలోబైట్లు దాటిన మెయిల్‌ను మధ్యలో కత్తిరించి చూపుతుంది కాబట్టి, పొడవైన తెలుగు నోటీసులో అడుగున ఉన్న చెల్లింపు లింకు కనిపించకపోవచ్చు. మెయిల్ చేరినా అందులోని పని జరగకపోతే దాన్ని కూడా మేము వైఫల్యంగానే లెక్కిస్తాం.

తెలుగు లిపిలోనే, ‘.భారత్’ డొమైన్‌తో చిరునామా ఉన్నవారికి పంపవలసి వస్తే, ఆంగ్లేతర లిపి చిరునామాలకు మెయిల్ పంపడం కోసం 2012లో వచ్చిన ఎస్‌ఎమ్‌టీపీయూటీఎఫ్-8 ప్రమాణాన్ని సేవ పాటిస్తున్నదో లేదో అడగండి. అటువంటి చిరునామాను పూరించగానే ‘చెల్లని చిరునామా’ అని తిరస్కరిస్తే, ఆ సేవ దాన్ని పాటించడం లేదని తెలిసిపోతుంది.

మెయిల్ వెంటనే చేరినా ‘లింకు గడువు ముగిసింది’ అని కొందరికి ఎందుకు వస్తోంది?

కంపెనీల, విశ్వవిద్యాలయాల భద్రతా ఫిల్టర్లలో కొన్ని మెయిల్‌లోని ప్రతి లింకునూ ముందే తెరిచి పరిశీలిస్తాయి. మీ లింకు ఒక్కసారి మాత్రమే పనిచేసేదైతే, ఆ ఒక్కసారీ ఫిల్టరే వాడేసుకుంటుంది. లింకు తెరిచాక పేజీలో ఒక బటన్ నొక్కితేనే చెల్లేలా మార్చండి. ఇది బట్వాడా సేవ లోపం కాదు.

సర్వర్లు ముంబైలోనో హైదరాబాదులోనో ఉంటే వేగం పెరుగుతుందా?

అమెరికాలోని సర్వర్‌తో పోలిస్తే ప్రతి విన్నపానికీ సెకనులో కొంత భాగం ఆదా అవుతుంది. క్యూలో పోయే నిమిషాల ముందు అది లెక్కలోకి రాదు. వ్యక్తిగత సమాచారం దేశంలోనే ఉండాలన్న అవసరం ఉంటే మాత్రం దాన్ని వేరే కారణంగా పరిగణించండి.

ఒకే మెయిల్ రెండుసార్లు రావడం లోపమేనా?

లోపమే గాని, పూర్తిగా తప్పించలేనిది. మెయిల్ మొత్తం అందుకున్నాక సర్వర్ ఇచ్చే ‘250’ దారిలో పోతే, పంపినవారు చేరలేదనుకొని మళ్లీ పంపుతారు. ఈ సమస్యను 1988లోనే ఒక ఆర్‌ఎఫ్‌సీ పత్రం (ఇంటర్నెట్ పద్ధతులపై వెలువడే పత్రాల్లో ఒకటి) వివరించింది. మీ అప్లికేషన్ ఒకే విన్నపాన్ని రెండుసార్లు పంపినప్పుడు సేవ ఆ పోలికను గుర్తించి ఒక్కసారే పంపే సదుపాయం ఇస్తున్నదా అన్నది చూడండి. ఓటీపీ రెండుసార్లు వస్తే చికాకుతో పోతుంది, ఫీజు నోటీసు రెండుసార్లు వస్తే కొందరు రెండుసార్లు కడతారు.

రెండు సేవలు పెట్టుకోవడం మేలా?

ఓటీపీలు పంపేవారికి మేలు. అయితే మొదటి సేవ మెయిల్‌ను స్వీకరించనప్పుడే రెండోదానికి మారాలి. స్వీకరించాక ఆలస్యమవుతున్నదని మారితే అదే ఓటీపీ రెండు దారుల్లోనూ వెళుతుంది. ఎస్‌పీఎఫ్‌లో డీఎన్‌ఎస్ (డొమైన్ల చిరునామాల పట్టిక) వెతుకులాటలు 10 మించితే అది చెల్లదు కాబట్టి, రెండో సేవను చేర్చేటప్పుడు ఆ లెక్క సరిచూడండి. రెండో సేవ ద్వారా కూడా ప్రతిరోజూ కొన్ని మెయిళ్లు పంపుతూ ఉండండి. ఏడాదిపాటు వాడని దారిలో ఒక్కసారిగా వేల మెయిళ్లు పంపితే, అందుకునే సర్వర్లు అనుమానంతో ఆపుతాయి.

సేవను ఎంచుకున్నాక కూడా కొలవాలా?

కొలవాలి. ప్రతి 10 నిమిషాలకు ఒక పరీక్ష మెయిల్ పంపితే రోజుకు 144, 30 రోజులకు 4,320 మెయిళ్లవుతాయి, పైన చెప్పిన మూడు సూత్రానికి అవి చాలు. వరుసగా రెండు పరీక్ష మెయిళ్లు మీరు పెట్టుకున్న గడువు దాటితే, బాధ్యుడైన ఉద్యోగికి వెంటనే తెలిసేలా ఏర్పాటు చేయండి. ఆ హెచ్చరిక ఫోన్ కాల్ ద్వారా గాని ఎస్ఎంఎస్ ద్వారా గాని రావాలి, మెయిల్ ద్వారా రాకూడదు.